రాహువు – హీలియము: లెక్క కుదిరినదెల్ల నిజమగునా?

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



ఇరువదియైదు సంవత్సరములపాటు ఒక గ్రామమున పుస్తకములు చేతులు మారుచుండుట సామాన్యమైన విషయము కాదు. తెలుగు, మరాఠీ, కన్నడము మూడును ఒకే అంగడిలో వినవచ్చు ఈ డోంగ్లి సరిహద్దు సీమలో అది మఱియు కొనియాడదగినది. ఈ శుభసమయమున ఏదైన విజ్ఞానవిషయమును గూర్చి మాటలాడుమని కార్యవర్గమువారు నన్ను కోరిరి. చాలకాలము బడిపిల్లలకు భౌతికశాస్త్రము చెప్పినవాడను గనుక, ఆ పాఠములన్నిటి వెనుక దాగియుండి, ఏ పరీక్షలోను అడుగని ఒక ప్రశ్నను మీ ముందుంచదలచితిని.

భౌతికశాస్త్రము పరమాణువనియు, ఎలక్ట్రాననియు, కాంతికణమనియు ఎన్నియో చెప్పును. అవి మనము చూడకున్నను నిజముగా లోకమున ఉన్నవా? లేక ప్రయోగమున ఏ ఫలితము వచ్చునో ముందుగా లెక్కకట్టుటకు మనము కల్పించుకొన్న ఉపాయములు మాత్రమేనా? ఇదియే ఆ ప్రశ్న. గొప్ప గొప్ప శాస్త్రజ్ఞులు దీనిపై వాదులాడిరి; నేటికిని వాదులాడుచున్నారు. అయితే నాకు ఈ ప్రశ్న మొట్టమొదట పుస్తకములో ఎదురుపడలేదు. మా ఇంటి గడప వద్ద ఎదురుపడినది.

1980వ సంవత్సరము ఫిబ్రవరి 16వ తేదీ మీలో పెద్దలకు జ్ఞాపకముండును. ఆ దినమున సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ కర్ణాటకము మీదుగా వచ్చి, మన తెలంగాణపు దక్షిణభాగమును దాటి, ఒడిశావైపు సాగెను. ఉస్మానియా విశ్వవిద్యాలయమువారి జపాల్–రంగాపూర్ నక్షత్రశాల ఆ నీడదారిలోనే ఉండెను. అచ్చట శాస్త్రజ్ఞులు యంత్రములు అమర్చుకొని వేచియుండిరి. మన ప్రాంతమున గ్రహణము సంపూర్ణము కాకున్నను, సూర్యబింబమున చాలభాగము మరుగుపడెను. వీధులు నిర్మానుష్యములయ్యెను. మా అక్క అప్పుడు నిండుచూలాలు. కిటికీలకు గోనెపట్టలు కట్టి, ఆమెను చీకటిగదిలో పరుండబెట్టిరి. గ్రహణము పట్టినది మొదలు విడుచువరకు కదలరాదు, తినరాదు, నీరు త్రాగరాదు అనిరి. కొంతసేపటికి ఆమె దాహమని అడిగెను. నేను తొమ్మిదవ తరగతి పిల్లవాడను. చెంబుతో నీళ్ళు పట్టుకొని గడప వద్ద నిలిచితిని. లోనికి పోవుటకు ధైర్యము చాలలేదు.

"ఇది వట్టి నీడ అని మా సారు చెప్పినాడమ్మా" అని మా అమ్మతో అంటిని. ఆమె కోపపడలేదు. "పంచాంగం చెప్పిన వేళకే పట్టింది గదా బిడ్డా! వేళ సరిగ్గ చెప్పినోడు కీడు సంగతి తప్పు చెప్తడా?" అని మాత్రము అడిగెను.

నేను నిరుత్తరుడనైతిని. ఆమె చదువుకొన్నది కాదు; కాని ఆ తర్కము చిన్నది కాదు. లెక్క నిజమైనది గనుక, లెక్కతో కూడ వచ్చిన కథయు నిజమని ఆమె వాదము. చదువుకొన్నవారును, ఒక్కొక్కప్పుడు శాస్త్రజ్ఞులును, ఇదే విధముగా తలంతురు. ఆనాడు మా అమ్మకు చెప్పలేని సమాధానమే నేటి నా ఉపన్యాసము. అది నాకు దొరకుటకు చాలకాలము పట్టినది. వినుటకు ఆమె లేదు.

మొదట మన పొలములలో దొరకు ఉపమానమొకటి చెప్పెదను. గ్రామపు నక్షాను మీరందరు చూచియుందురు. అందులో బావి గుర్తు ఉండును. సర్వే నంబరును ఉండును. నక్షా పట్టుకొని పొలమునకు పోయినచో బావి కనిపించును. తొంగిచూచిన నీరు కనిపించును. నంబరు మాత్రము నేలపై ఎచ్చటను కనిపించదు. అట్లని నంబరు అబద్ధమా? కాదు. అది లేనిదే పహాణీ లేదు, పంట అప్పు లేదు, తగవు తీరదు. బావియు పనికివచ్చునదే, నంబరును పనికివచ్చునదే. కాని దాహము వేసినప్పుడు నంబరులో చేద వేయుదుమా? శాస్త్రము గీయు చిత్రములోను ఇట్లే కొన్ని బావులు, కొన్ని నంబరులు ఉండును. నక్షాను మాత్రమే చూచుచు కూర్చున్నవానికి ఈ రెంటి భేదము తెలియదు. లేచి పొలమునకు పోవలయును.

ఇప్పుడు రాహువు సంగతి చూతము. ఆకాశమున సూర్యుడు నడచునట్లు కనిపించు బాట ఒకటి. చంద్రుడు నడచు బాట మఱియొకటి. రెండవది మొదటిదానికి సుమారు 5 డిగ్రీలు వాలియున్నది. రెండు బండిబాటలవలె అవి రెండుచోట్ల ఒకదానినొకటి దాటును. ఆ కూడళ్ళలో ఒకటి రాహువు, రెండవది కేతువు. అమావాస్యనాడు చంద్రుడు కూడలికి దాపున ఉన్నచో సూర్యునికి అడ్డుపడును. దూరముగా ఉన్నచో పైనుండియో క్రిందనుండియో తప్పుకొని పోవును. కనుకనే ప్రతి అమావాస్యకును గ్రహణము రాదు. ఈ కూడళ్ళును నిలుకడగా ఉండక, వెనుకకు జరుగుచు, సుమారు 18.6 సంవత్సరములకు ఒక చుట్టు తిరుగును. ఈ లెక్క తెలిసినవాడు రాబోవు గ్రహణములను ముందుగా చెప్పగలడు.

అనగా రాహువు లెక్కకు సంపూర్ణముగా పనికివచ్చిన వస్తువు. ఏ భౌతికశాస్త్రపు సూత్రమైనను అంతకంటె గొప్పగా జోస్యము చెప్పలేదనవచ్చును. కాని రాహువు ఒక కూడలి. కూడలి వద్ద రెండు బండ్లు ఎదురుపడినచో, కూడలి బండిని మ్రింగెనందుమా? ఈ మాట నేడు క్రొత్తగా పుట్టినది కాదు. 499వ సంవత్సరము నాటి ఆర్యభటీయమున, సూర్యుని కప్పునది చంద్రుడనియు, చంద్రుని కప్పునది భూమి నీడయనియు ఆర్యభటుడు స్పష్టముగా చెప్పెను. సూర్యసిద్ధాంతమునందు గ్రహములను అదృశ్యమూర్తులు గాలిత్రాళ్ళతో లాగుచుండునని వర్ణన కలదు. ఆ గ్రంథపు గణితమును చేయువాడు త్రాళ్ళను నమ్మినను, నమ్మకున్నను, గ్రహస్థానము ఒక్కటే వచ్చును. త్రాళ్ళు లెక్కలో పాల్గొనలేదు. లెక్కకు తోడుగా నడచివచ్చినవి మాత్రమే.

ఐరోపాలోను ఇదే తగవు వచ్చెను. 1543లో కోపర్నికసు గ్రంథము అచ్చగుచున్నప్పుడు, ముద్రణ బాధ్యత వహించిన ఓసియాండరను మతాచార్యుడు పేరు వ్రాయకయే ఒక ముందుమాట చేర్చెను. ఈ సిద్ధాంతములు నిజములు కానక్కరలేదు, లెక్క కుదిరిన చాలును అని దాని తాత్పర్యము. చదివినవారిలో పలువురు అది కోపర్నికసు మాటయే అనుకొనిరి. 1609లో కెప్లరు ఆ గుట్టును బయటపెట్టెను. ఆ మరుసటి సంవత్సరమే గెలీలియో దూరదర్శినితో శుక్రుని చూచి, ఆ గ్రహమును చంద్రునివలె వృద్ధిక్షయములు పొందుచున్నదని కనుగొనెను. శుక్రుడు సూర్యుని చుట్టు తిరిగిననే ఆ రూపములన్నియు కలుగును. అంతవరకు భూమిని నడుమనుంచియు, సూర్యుని నడుమనుంచియు గ్రహముల లెక్కలు కట్టవచ్చుచుండెను. లెక్క తీర్పు చెప్పలేనిచోట, మఱియొక దారిని వచ్చిన సాక్షి తీర్పునకు త్రోవ చూపెను. ఈ "మఱియొక దారి" అను మాటను దయతో గుర్తుంచుకొనుడు.

ఇక మన నేలమీదనే జరిగిన గొప్ప ఉదంతమునకు వచ్చెదను. 1868 ఆగస్టు 18వ తేదీన ఒక సంపూర్ణ సూర్యగ్రహణము మన దేశమును దాటెను. దానిని చూచుటకు ఫ్రాన్సుదేశపు జాన్సెన్ సముద్రములు దాటి గుంటూరు వచ్చెను. ఆంగ్లేయుల పక్షమున టెన్నెంటు సైతము గుంటూరులోనే మకాముచేసెను. మద్రాసు నక్షత్రశాలాధికారి పోగ్సన్ మచిలీపట్నమున నిలిచెను. ఆ నక్షత్రశాలలోనే పనిచేయుచుండిన చింతామణి రఘునాథాచార్యులు నైజాము రాజ్యములోని వనపర్తికి వెళ్ళెను. ఈయన పంచాంగకర్తల వంశమున పుట్టి, దూరదర్శిని పట్టిన విద్వాంసుడు. అంతకు ముందటి సంవత్సరమే, 1867లో, కాంతి హెచ్చుతగ్గులగు ఒక నక్షత్రమును కనుగొనియుండెను. పంచాంగపు లెక్కలను ఎప్పటికప్పుడు కంటికి కనిపించు ఆకాశముతో సరిచూచి దిద్దుకొనవలెనని జీవితాంతము బోధించినవాడాయన.

ఆనాడు వారు వెంట తెచ్చిన క్రొత్త ఆయుధము వర్ణపటదర్శిని. దీపశిఖలో చిటికెడు ఉప్పు వేసినచో మంట పచ్చగా మారుట మన తల్లులు పొయ్యి వద్ద చూచుచునే యుందురు. ఉప్పులోని సోడియము ఇచ్చు వెలుగు అది. ఆ వెలుగును పట్టకముగుండ పంపినచో పసుపుపచ్చని చోట రెండు సన్నని గీతలు దగ్గరదగ్గరగా కనిపించును. ప్రతి మూలకమునకును ఇట్టి గీతలు కలవు; ఒకదాని గీతలు మఱియొకదానికి రావు. వ్రేలిముద్రవంటివి అని చెప్పవచ్చును. జర్మనీలో కిర్కాఫ్, బున్సెన్ అనువారు 1860 ప్రాంతమున ఈ రహస్యమును వెల్లడించిరి.

గ్రహణసమయమున సూర్యుని అంచున ఎగయు ఎఱ్ఱని జ్వాలలను ఈ యంత్రముతో చూచిన పలువురకు, ఇతర గీతలతోపాటు పసుపుపచ్చని గీత యొకటి కనిపించెను. సోడియమే కావచ్చునని తలచినవారు కలరు. అది సోడియము స్థానమున ఉన్నదో, దాని దాపున ఉన్నదో అని మచిలీపట్నమునుండి పోగ్సన్ సందేహముతో వ్రాసెను. ఇచ్చట గుంటూరులో జాన్సెన్, ఆ గీతలు ఇంత కాంతివంతముగా ఉన్నవి గదా, గ్రహణము లేకున్నను ఎందులకు కనిపించవు అని తలచి, మరునాడు ఉదయమున మామూలు ఎండలోనే వానిని చూచెను. రెండు నెలలకు, అక్టోబరు 20న, ఇంగ్లండులో లాకియరు తన స్వంతబుద్ధితో అదే పని చేసెను. పసుపుగీత సోడియముగీతల చోట లేదు, వానికి కొంచెము ప్రక్కన ఉన్నది అని కొలిచి తేల్చెను. ఫ్రాంక్లండు అను రసాయనశాస్త్రజ్ఞునితో కలిసి హైడ్రోజనును పరీక్షించెను. దానినుండియు ఆ గీత రాలేదు. కనుక ఇది భూమిపై ఎవరును ఎరుగని మూలకము కావలెనని లాకియరు ఊహ. సూర్యునికి గల గ్రీకుపేరునుబట్టి దానికి హీలియము అని పేరు పడెను.

రసాయనశాస్త్రజ్ఞులలో చాలమంది పెదవి విరిచిరి. అది న్యాయమే. సీసాలో పట్టి చూపలేని వస్తువును ఉన్నదనుట ఎట్లు? గీత ఉన్నదనుడు, చాలును. మూలకమున్నదని ఎందులకు అనవలెను? ఈ మాటలో మన ప్రశ్న యథాతథముగా ఉన్నది. ఆనాటికి హీలియము బావియో, సర్వే నంబరో ఎవరును చెప్పలేకుండిరి.

27 సంవత్సరములు గడచెను. 1895లో లండనులో రామ్సే అను శాస్త్రజ్ఞుడు, సూర్యుని గూర్చి కాదు, ఆర్గాను అను వాయువును గూర్చి వెదకుచు, యురేనియముగల ఒక ఖనిజమును ఆమ్లముతో మరగించెను. వెలువడిన వాయువును పరీక్షింపగా, ఎదురుచూడని పసుపుగీత కనిపించెను. క్రూక్సు దానిని కొలిచి, సూర్యునిలోని గీతయే అని ధ్రువపరచెను. 1909 నాటికి రూథర్‌ఫర్డ్, రాయిడ్స్ మూడవ దారిని వచ్చిరి. రేడియోధార్మిక పదార్థమునుండి వెలువడు ఆల్ఫాకణములను పలుచని గాజుగోడగుండ పోనిచ్చి, ఆవల పట్టి చూడగా, అవి కూడ హీలియమే. సూర్యుని అంచు, రాతిముక్క, రేడియోధార్మిక కిరణము – ఈ మూడును వేరువేరు దారులు. మువ్వురు సాక్షులును ఒకే పేరు చెప్పిరి. నేడు పట్టణపు ఆసుపత్రులలో ఎమ్.ఆర్.ఐ. యంత్రముల అయస్కాంతములను చల్లార్చునది ద్రవహీలియము. నక్షాలో గుర్తుగా పుట్టినది నీరున్న బావియని తేలెను.

ఇంతటితో ఆపినచో నా ఉపన్యాసము సగము అబద్ధమగును. ఎందుకనగా ఆ మరుసటి సంవత్సరమే హీలియమునకు ఒక తమ్ముడు పుట్టెను. 1869 ఆగస్టు 7న అమెరికాలో కనిపించిన సంపూర్ణ గ్రహణమున, సూర్యుని చుట్టు వెన్నెలవలె ప్రకాశించు కరోనాలో ఒక ఆకుపచ్చని గీతను యంగ్, హార్క్‌నెస్ అనువారు కనుగొనిరి. ఆ గీతయు భూమిపై ఎరిగిన ఏ మూలకమునకును సరిపోలేదు. కావున అదియు క్రొత్త మూలకమేయని, కరోనియమని పేరుపెట్టిరి. మూలకముల పట్టికకు కర్తయైన మెండలీవు అంతటివాడును దానికి తన పట్టికలో చోటు చూపుటకు యత్నించెను. చూడుడు: అదే యంత్రము, అదే తర్కము, అదే రకమగు సాక్ష్యము. కాని కరోనియము ఏ ఖనిజమునను దొరకలేదు, ఏ సీసాలోను పడలేదు. 70 సంవత్సరముల పిమ్మట, 1939 మొదలు కొలది ఏండ్లలో, గ్రోట్రియన్, ఎడ్లెన్ అనువారు ఆ చిక్కు విప్పిరి. ఆ గీత క్రొత్త మూలకముది కాదు. మన నాగలికఱ్ఱులోని ఇనుముదే. ఇనుపపరమాణువునకు గల 26 ఎలక్ట్రానులలో 13 ఊడిపోయినచో ఆ గీత పుట్టును. అన్ని ఊడవలెనన్నచో అచ్చట పదిలక్షల డిగ్రీలకు మించిన వేడి ఉండవలయును. అట్లు కరోనియము పోయి, దానికంటె ఆశ్చర్యకరమైన నిజము మిగిలెను.

హీలియమును నమ్మినవారు తెలివిగలవారు, కరోనియమును నమ్మినవారు తెలివిలేనివారు అని అనుకొనరాదు. 1870లో ఇద్దరి చేతిలోను ఉన్నది ఒక్కొక్క గీతయే. భేదమెల్ల తరువాత వచ్చిన సాక్షులది. మఱియొక సంగతియు గమనింపుడు: కరోనియము అబద్ధమైనను ఆకుపచ్చని గీత అబద్ధము కాలేదు. ప్రతి గ్రహణమునకును అచ్చటనే కనిపించెను. చూచినది నిలిచెను, చూచినదానికి చెప్పుకొన్న కారణము మారెను. "శాస్త్రజ్ఞులు నేడొకటి, రేపొకటి చెప్పుదురు, వారి మాట ఏమి నమ్మెదము?" అని నిరసించువారు ఈ భేదమును గుర్తింపవలెను.

తప్పుచిత్రము సహితము సరియైన జోస్యము చెప్పుట కలదు. బడిపుస్తకములలో పరమాణువును చిన్న సూర్యకుటుంబమువలె గీయుదురు: నడుమ కేంద్రకము, చుట్టు బాటలలో ఎలక్ట్రానులు. 1913లో బోరు కల్పించిన చిత్రమే దానికి మూలము. కొన్ని నక్షత్రములలో కనిపించిన గీతలను అందరును హైడ్రోజనువి అనుకొనుచుండగా, అవి ఒక ఎలక్ట్రానును పోగొట్టుకొన్న హీలియమువని బోరు లెక్కవేసి చెప్పెను. ప్రయోగము ఆయన పక్షముననే తీర్పుచెప్పెను. అంత గొప్ప విజయము పొందిన చిత్రము పండ్రెండేండ్లు నిలువలేదు. 1925, 1926 సంవత్సరములలో వచ్చిన క్రొత్త గతిశాస్త్రము ప్రకారము ఎలక్ట్రానుకు గ్రహమువలె బాట లేదు. నేనును ఏండ్ల తరబడి నల్లబల్లపై ఆ బాటలు గీసితిని. ఇవి లెక్కకు ఊతకఱ్ఱలేగాని పరమాణువు ముఖచిత్రము కాదని పిల్లలకు చెప్పని దినములు ఎన్నియో కలవు. అది నా లోపమే.

ఆ క్రొత్త శాస్త్రపు అడుగున నేమున్నదన్న వాదము మాత్రము నేటికిని తెగలేదు. దాని సమీకరణము ప్రయోగఫలములను అద్భుతముగా చెప్పును. ఆ సమీకరణములోని తరంగము లోకముననున్న వస్తువా, మన ఎఱుకకు గణితరూపమా అని బోరు, ఐన్‌స్టీను వాదించుకొనిరి. 1964లో బెల్ అనువాడు ఆ వాదములో కొంతభాగమును ప్రయోగమునకు లొంగునట్లు చేసెను. అట్టి ప్రయోగములు చేసిన క్లౌసర్, ఆస్పె, జైలింగర్ అనువారికి 2022లో నోబెలు బహుమానము వచ్చెను. మనకు అలవాటైన ఊహలలో కొన్ని చెల్లవని ఆ ప్రయోగములు తేల్చినవి. ఏది నిజమో పూర్తిగా తేల్చలేదు. తేలనిదానిని తేలలేదని ఒప్పుకొనుటయు శాస్త్రమే.

కాంతికణము గూర్చియు ఇట్టి సందేహమే ఉండెను. 1905లో ఐన్‌స్టీను దానిని ప్రతిపాదించినప్పుడు, అది లెక్కకు సౌకర్యమేగాని వస్తువు కాదని పెద్దలు పలువురు తలచిరి. 1923లో కాంప్టను ప్రయోగము ఒక సాక్షియయ్యెను. 1931లో కలకత్తానుండి మఱియొక సాక్ష్యము వచ్చెను: నాటి కృష్ణాజిల్లా ఆగిరిపల్లిలో పుట్టిన మన సూరి భగవంతముగారు, విశాఖపట్టణమున చదువుకొని పెరిగిన సి. వి. రామను పండితుడు కలిసి, చెదరిన కాంతిని పరీక్షించి, కాంతికణమునకు తనదైన భ్రమణగుణము కలదని చూపిరి. తరువాతి కాలమున భగవంతముగారు ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైరి. పేరుకు మాత్రమే అనుకొన్నది ఒక్కొక్క దారిని ఎదురువచ్చి, తన ఉనికిని తానే చాటుకొనుట ఇట్లుండును.

అయితే, ఇది పండితుల తగవు గదా, దున్నుకొని బ్రతుకు మనకేమి? లెక్క సరిపోయిన చాలదా? అని ఎవరైన అడుగవచ్చును. చాలదు. మా అక్క దాహము అందులకు సాక్షి. ఆనాడు మా అమ్మ అడిగిన మాటకు ఇప్పుడు సమాధానము చెప్పెదను.

ఎవరైన ఒక లెక్కను, దానితోపాటు ఒక మాటను మన ముందుంచినప్పుడు రెండు ప్రశ్నలు వేయవలయును. ఆ లెక్కకు ఈ మాట అవసరమా? ఆ మాటకు మఱియొక దారినుండి సాక్ష్యము కలదా? గ్రహణవేళ కట్టుటకు సూర్యచంద్రుల బాటలు కావలెను, కూడలి కావలెను. గర్భిణికి కీడు కలుగునన్న మాటను లెక్కలోనుండి తీసివేయుడు. వేళ ఒక్క నిమిషమైన మారదు. అనగా వేళ సరియగుట కీడునకు సాక్ష్యము కానేకాదు. ఇక మఱియొక దారి కలదా? మా అక్కకు ఆడపిల్ల క్షేమముగా పుట్టెను. నియమము పాటించినందుననే అని మా అమ్మ సంతోషించెను. అదే దినమున, గ్రహణమన్న ఊసు తెలియక, మా పొరుగు చేనిలో జొన్న కోయుచుండిన నిండుచూలాలు ఒకతె ఉండెను. ఆమె నీళ్ళు త్రాగెను, అంబలి త్రాగెను, పని చేసెను. ఆమెకును బిడ్డ క్షేమముగానే పుట్టెను. ఒక్క ఉదాహరణతో శాస్త్రము తేలదని నేనెరుగుదును. కాని పాటించినను క్షేమమే, పాటింపకున్నను క్షేమమే అయినచోట, నియమమును రక్షకుడని పొగడుటకు ఆధారమేమి? నీటిచుక్క లేక గంటలకొలది పడియుండుట మాత్రము నిండుచూలాలికి మేలు చేయదని ఏ వైద్యుడైనను చెప్పును.

పెద్దలు చెప్పినదెల్ల వట్టిదని కూడ నేననను. గ్రహణమును వట్టికన్నులతో చూడరాదన్న మాటకు సాక్ష్యము వేరుదారిని కలదు. భూతద్దము క్రింద ఎండలో కాగితము కాలుట పిల్లలందరును చూచినదే. మన కంటిలోను అట్టి కటకమే ఉన్నది. సూర్యుడు సగము కప్పబడినప్పుడు ఆ వెలుగు బాధ తెలియనీయదుగాని కంటి లోపలి పొరను కాల్చును. కావున ఆ జాగ్రత్త నిలిచినది, తక్కిన భయము నిలువలేదు. పాతదా, క్రొత్తదా అని కాదు; మన ఊరి మాటయా, పరదేశపు మాటయా అనియు కాదు. రెండు ప్రశ్నలకు నిలిచినదా, లేదా అన్నదే త్రాసు.

ఈ త్రాసును శాస్త్రజ్ఞుల మాటలకును వాడుడు. యంత్రమునుండి వచ్చిన లెక్క గనుక నిజమనరాదు. కంటికి కనబడలేదు గనుక అబద్ధమనియు అనరాదు. రోగక్రిమిని కంటితో చూచినవారు మన గ్రామమున ఎందరు? అయినను సూక్ష్మదర్శిని ఒక దారిని, టీకా ఒక దారిని, మరగించిన నీరు ఒక దారిని వచ్చి అదే సాక్ష్యము చెప్పినవి. అట్టిదానిని "వట్టి సిద్ధాంతము" అని త్రోసిపుచ్చినవాడు, రాహువును పామని నమ్మినవానికంటె ఎక్కువ తెలివిగలవాడు కాడు.

కావున నా సమాధానమిది. భౌతికశాస్త్రపు చిత్రము నక్షావంటిది. అందులో కొన్ని బావులు, కొన్ని నంబరులు. ఏది బావియో లెక్క ఒక్కటే చెప్పలేదు. వేరువేరు దారులను పొలమునకు నడచి తెలిసికొనవలయును. ఎన్ని దారులు ఒకేచోటికి చేర్చునో అంత నమ్మవలెను. ఒక్క దారియే ఉన్నచో, కరోనియమును తలచుకొని, కొంచెము ఆగవలెను.

గ్రంథాలయము ఇందులకు తగిన తావు. ఒక పుస్తకము ఒక సాక్షి. ఒకే పుస్తకమున్న ఇంటిలో ఆ సాక్షి చెప్పినదే తీర్పు. అనేక పుస్తకములున్నచోట సాక్షులు ఎదురెదురుగా కూర్చుందురు. ఇచ్చట పంచాంగమును ఉండవలయును, ఖగోళశాస్త్రమును ఉండవలయును; రెంటిని ప్రక్కప్రక్కన పెట్టి చదువు పిల్లలును ఉండవలయును. వనపర్తికి దూరదర్శిని మోసికొనిపోయిన ఆ పంచాంగకర్త వంశీయుడు ఈ దారినే చూపెను.

2031 మే 21వ తేదీన మఱియొక సూర్యగ్రహణము వచ్చును. కేరళ, తమిళనాడులలో అది ఉంగరమువలె కనిపించును. మనకు పాక్షికముగా కనిపించును. ఈ తేదీ తప్పదు. ఆనాడు కార్యవర్గమువారు తగిన రక్షణగల గ్రహణపు కళ్ళద్దములు తెప్పించి, ఈ గ్రంథాలయపు వాకిట పిల్లలకు, పెద్దలకు గ్రహణము చూపవలెనని నా ప్రార్థన. గర్భవతులగు ఆడపడుచులు వచ్చినచో కూర్చుండుటకు నీడను, త్రాగుటకు చల్లని నీటిని సిద్ధముచేయుడు. నేనప్పటికి నడువగలిగియుంటినేని, ఆ నీళ్ళచెంబు పట్టుకొని నేనే నిలుచుందును. ఈ మారు గడప వద్ద ఆగను.